గణితం మాస్టారి తరగతిలో ఏం గమనించాలి?

ప్రశ్న: విశాఖపట్నంలో బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్నాను. 16 వారాల ఇంటర్న్‌షిప్‌లో భాగంగా మధురవాడలోని ఒక ఉన్నత పాఠశాలలో, ఎంతో అనుభవమున్న గణితం మాస్టారి తొమ్మిదో తరగతి పాఠాలను పరిశీలించబోతున్నాను. పరిశీలన పత్రంలో గడులు నింపి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. నిజంగా దేనిపై దృష్టి పెట్టాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం: మాస్టారి కంటే పిల్లలు రాసేది ఎక్కువగా చూడండి. నేను ఛాత్రోపాధ్యాయినిగా గాజువాకలో చూసిన పాఠం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రెండు సంఖ్యల మొత్తానికి వర్గమంటే వాటి వర్గాల మొత్తమేనని ఒక అబ్బాయి నల్లబల్లపై రాస్తే, మాస్టారు దాన్ని తుడిచేయకుండా, 3, 4 ప్రతిక్షేపించి చూడమని సుద్దముక్క మళ్లీ వాడి చేతికే ఇచ్చారు. ఒకవైపు 49, మరోవైపు 25 వచ్చేసరికి, ఆ తప్పిపోయిన 24 ఎక్కడుందని తరగతి అంతా వెతకసాగింది. అప్పుడు గానీ ఆయన 7 యూనిట్ల భుజంతో చతురస్రం గీసి, వైశాల్యం 12 చొప్పున ఉన్న రెండు దీర్ఘచతురస్రాలను చూపించలేదు. ఆ ఓపికే అసలు విద్య.

రెండో సమాధానం: ప్రశ్న వేశాక ఆయన ఎంతసేపు మౌనంగా ఆగుతారో కూడా రాసుకోండి. కొత్తలో మనం ఆగలేక జవాబు మనమే చెప్పేస్తాం.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. పాఠం అయ్యాక ఆయనను సందేహాలు అడగవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు: తప్పక అడగండి. తరగతిలో పిల్లలు ఏదైనా తప్పు చేస్తే, అది వస్తుందని ముందే ఊహించారా అని అడిగితే, పాఠ్యపథకంలో కనిపించని ఆలోచన బయటికి వస్తుంది.