బడిలో పల్లీ చిక్కీ, మా బాబుకి ఎలర్జీ: ఎవరికి చెప్పుకోవాలి?

నమస్కారమండీ. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. బాబు ప్రభుత్వ బడిలో రెండో తరగతి. వేరుశనగ తింటే ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోతాయి. ఒకసారి ఊపిరి కూడా అందలేదు. మధ్యాహ్న భోజనంతో పాటు పల్లీ చిక్కీ ఇస్తారు కదా, ఆ రోజులంటేనే నాకు టెన్షన్. టీచరుగారు మంచావిడే, కానీ "చూసుకుంటాంలెండి" అనడమే తప్ప కాగితం మీద ఏమీ లేదు. పైగా పక్క పిల్లలు ప్రేమగా ఓ ముక్క పెట్టేస్తారు!

డాక్టరు రాసిన చీటీ హెడ్మాస్టరుకి ఇస్తే చాలా, మండల విద్యాశాఖాధికారికి కూడా అర్జీ పెట్టాలా? ఎలర్జీ మందు బడిలో ఉంచితే, అవసరమైనప్పుడు వేసే బాధ్యత ఎవరిది? మా ఊరికి 108 వచ్చేసరికి ఆలస్యమవుతుంది. పిల్లల ఆరోగ్య పరీక్షలకి ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం) వాళ్ళు వచ్చినప్పుడు ఈ సంగతి రాయించుకోవచ్చా? ఇలాంటి పిల్లలున్నవాళ్ళు మీరేం చేశారో చెప్పండి.