గేలిక్ ఫుట్‌బాల్‌లో రెఫరీగా చేసినవాళ్లు తర్వాత ఏం చేస్తారు?

ప్రశ్న: డబ్లిన్‌లో ఉంటున్నాను, ఆఫీసులో అందరూ ఇక్కడి ఐరిష్ ఆట గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల గురించే మాట్లాడతారు. రెఫరీలకు జీతం ఉంటుందా? రిటైరయ్యాక సంఘంలో పదవులు వస్తాయా?

జవాబు 1: జీతం లేదండీ. ఈ ఆటను నడిపే సంఘం జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్)లో ఆటగాళ్లలాగే రెఫరీలూ అమెచ్యూర్లే, ఖర్చులు ఇస్తారంతే. గోల్‌పోస్టుల దగ్గర తెల్లకోటు వేసుకుని జెండాలు ఊపే నలుగురు అంపైర్లను కూడా రెఫరీయే తెచ్చుకుంటాడు, మామూలుగా సొంత క్లబ్బు వాళ్లనో ఇంట్లోవాళ్లనో. బంతి వలలో పడితే గోల్, దానికి ఆకుపచ్చ జెండా; అడ్డకర్ర పైనుంచి పోస్టుల మధ్యగా వెళ్తే పాయింట్, దానికి తెల్లది.

జవాబు 2: పాట్ మెకెనానీ గురించి చదవండి. మొనహన్ కౌంటీ ఆయన. 1996, 2000, 2004 ఆల్ ఐర్లాండ్ ఫైనల్స్‌కి, అంటే కౌంటీ జట్ల జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్‌కి రెఫరీ. 1996లో మీత్, మేయో కౌంటీల ఫైనల్ డ్రా అయి మళ్లీ ఆడితే మొదట్లోనే పెద్ద గొడవ, డజనుకు పైగా ఆటగాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆయన చెరో జట్టు నుంచి ఒక్కొక్కరిని, కోల్మ్ కోయిల్‌ని, లియామ్ మెక్‌హేల్‌ని బయటికి పంపాడు. మీత్ ఒక్క పాయింట్ తేడాతో గెలిచింది, మేయోవాళ్లకు ఆ బాధ ఇప్పటికీ ఉంది. అంత టెన్షన్‌లో, వీడియో రీప్లేలు చూసుకునే వీల్లేకుండా నిర్ణయం తీసుకోవడమంటే మామూలు విషయం కాదు, నాకు ఆయనంటే గౌరవం.

జవాబు 3: అవును, పదవులు వస్తాయి. మెకెనానీయే తర్వాత జీఏఏ జాతీయ రెఫరీల కమిటీకి ఛైర్మన్ అయ్యాడు. 2014లో బ్లాక్ కార్డ్ వచ్చినప్పుడు ఆ బాధ్యతలో ఉన్నది ఆయనే. కావాలని ప్రత్యర్థిని లాగి పడేస్తే బయటికి పంపి, బదులు ఇంకొకర్ని దించేవాళ్లు. 2020 నుంచి పది నిమిషాలు బయట కూర్చోబెడుతున్నారు, ఇదే మేలనిపిస్తుంది నాకు.