పాపను కెనడా తీసుకెళ్లడానికి తండ్రి సంతకం పెట్టకపోతే ఏ కోర్టుకెళ్లాలి?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఏడేళ్ల పాప రెండేళ్లుగా నా దగ్గరే, చదువూ ఇక్కడే. ఆయన వేసిన విడాకుల కేసు శ్రీకాకుళంలో నడుస్తోంది. నా కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఫైలుకు ఐఎంఎం 5604 ఫారం మీద తండ్రి సంతకమో, కోర్టు ఆర్డరో కావాలి. గడువు వచ్చే నెల 20.

ఫారం రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రెండు కవర్లూ వేసిన టేపు వేసినట్టే తిరిగొచ్చాయి. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబుండదు. పెద్దమనుషులతో అడిగిస్తే ‘పాప ఎక్కడికీ వెళ్లదు’ అన్నారట. చూడ్డానికి మాత్రం రారు.

ఇక్కడి లాయరు పిల్లల సంరక్షణకు సంబంధించిన 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పాప ఉండే గజపతి జిల్లాలోనే వేయాలంటున్నారు. శ్రీకాకుళం లాయరేమో హిందూ వివాహ చట్టంలో పిల్లల కస్టడీ గురించిన 26వ సెక్షన్ కింద నడుస్తున్న కేసులోనే అడగమంటున్నారు. ఇలా అనుమతి తెచ్చుకున్నవాళ్లు చెప్పండి, ఎక్కడ వేస్తే త్వరగా తేలుతుంది?