షుగర్ మాత్రలు మానేసి పొడపత్రి పొడితో నెట్టుకురావచ్చా?

పలమనేరు పిల్ల:
మా నాయనకు 62 ఏండ్లు. షుగరూ బీపీ రెండూ ఉండాయి. పొద్దున గ్లిమెపిరైడ్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్. మెట్‌ఫార్మిన్‌తో కడుపు ఉబ్బరం, విరేచనాలు అని రోజూ గొణుగుతా ఉంటాడు. ఇప్పుడు సంతలో ఎవరో అమ్మే పొడి తెచ్చుకున్నాడు. పొడపత్రి, నేరేడు గింజ, మెంతులు కలిపిందంట. డబ్బా మీద పేరు లేదు, ఊరు లేదు. "ఇది ఆకు, అది కెమికల్, ఇంక మాత్రలు బంద్" అంటాడు. రాత్రి సంగటి మానేసి రెండు పుల్కాలతో సరిపెడతా ఉండాడు. మాత్రలు మానొచ్చా? లేదంటే రెండూ కలిపి వేసుకోవచ్చా?

కాణిపాకం రోడ్డు:
మా మామ పొద్దున్నే కాకరకాయ రసం తాగతాడు, షుగర్ కంట్రోల్లోనే ఉండాది. మాత్రలు కూడా వేసుకుంటాడనుకో. ఏది పనిచేస్తా ఉండాదో దేవుడికే తెలియాల.

బైరాగిపట్టెడ మందులషాపు:
పాపా, మీ నాయన అనే మాట మా షాపులో దినామూ వింటా ఉంటాను. పొడపత్రి ఉత్తది కాదు. పచ్చి ఆకు నమిలి చక్కెర వేసుకుంటే ఇసక నమిలినట్టుంటాది, కొంచేపు నాలుకకు తీపే తెలీదు. షుగర్ కూడా కొంత దించుతాది. భయం అక్కడే. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువ వదిలిస్తాది. దాని మీద ఈ పొడి, పైగా రాత్రి తిండి తగ్గించినాడు, షుగర్ మరీ కిందికి పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ వస్తే మెషీన్లో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, ఆసుపత్రికి ఎత్తకపోండి.

మాత్రలు మానేసి పొడి ఒక్కటే అంటే అదింకా తప్పు. షుగర్ 300 దాటినా కొందరికి ఒంట్లో ఏమీ తెలీదు, లోపల కండ్లూ కిడ్నీలూ పోతా ఉంటాయి.

ఆకు, కెమికల్ అంటాడే, మెట్‌ఫార్మిన్ పుట్టుక కూడా ఆకు నుంచే. యూరప్‌లో గలేగా అనే మొక్కలోని పదార్థమే దానికి దారి చూపించింది. ఇంకో పక్క, పేరులేని పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలు నూరి కలిపినవి పరీక్షల్లో దొరికినాయి. వారానికే షుగర్ దిగిందంటే నేనైతే ఆ పొడినే అనుమానిస్తా.

మెట్‌ఫార్మిన్ తిండితో వేసుకుంటా ఉండాడా? అయినా కడుపు ఆగకపోతే మెల్లగా కరిగే ఎస్ఆర్ రకం గురించి డాక్టర్‌ను అడగండి. ఏండ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు, అరికాళ్ల తిమ్మిరి ఉంటే ఆ పరీక్ష చేయించండి. టెల్మిసార్టన్ వాడేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా సోడియం తక్కువ ఉప్పు జోలికి పోవద్దు. అందులో పొటాషియం ఉంటాది, ఒంట్లో పేరుకుంటే గుండెకు చేటు. మెంతులు, కాకరకాయ కూరల్లో తినండి, ఎవురొద్దన్నారు?

ఆయుర్వేదమే కావాలంటే తిరపతిలో టీటీడీ వాళ్ల ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉండాది గదా. మాత్రల చీటీ తీసుకునే పోండి.

పలమనేరు పిల్ల:
నాయనకు చదివి వినిపించినా అన్నా. మెట్‌ఫార్మిన్ పరగడుపున కాఫీతో మింగతా ఉండాడంట! పొడి ఎత్తి అటక మీద పెట్టినా. బీపీకి మంచిదని అమ్మ తెచ్చేది ఆ తక్కువ సోడియం ఉప్పే. మామూలు ఉప్పే తగ్గించి వేస్తే చాలునా?

బైరాగిపట్టెడ మందులషాపు:
చాలు. ఊరగాయ, అప్పడాలు కూడా చూసుకోండి. ఇన్నాళ్లు ఆ ఉప్పు తిన్నాడు గాబట్టి రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఒకసారి చూపించండి.