నెట్రిన్‌లోని ‘నెట్’ వల కాదు

ప్రశ్న: మెదడు ఎదుగుదల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో నెట్రిన్ అనే ప్రొటీన్ పేరు పదే పదే వస్తోంది. నాడీకణాల వల అల్లేది కాబట్టి ‘నెట్’ అన్నారేమో అనిపించి ‘జాలకి’ అని రాద్దామనుకుంటున్నాను. సరిపోతుందా అండీ?

జవాబు: ‘జాలకి’ వద్దండీ. ఇది ఇంగ్లిష్ వల కాదు, సంస్కృత ‘నేతృ’ శబ్దం. నడిపించేవాడు అని అర్థం. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్క్ టెస్సియర్-లవీన్ బృందం వేల కోడిపిండాల మెదళ్ళ నుంచి ఈ ప్రొటీన్లను వేరు చేసి ఆ పేరు పెట్టింది. మన నేత, నాయకుడు, నేతృత్వం అన్నీ అదే ‘నీ’ ధాతువు బిడ్డలు. (మగ్గం మీది నేత వేరు. అది ‘నేయు’ నుంచి వచ్చిన మన సొంత మాట.)

ఇది నడిపించేది ఆక్సాన్‌ని, అంటే నాడీకణం నుంచి పొడుగ్గా సాగే పోగుని. పిండం వెన్నుపాములో వీపు వైపు పుట్టిన కొన్ని కణాల ఆక్సాన్లు పొట్ట వైపు దిగి, మధ్యగీత దాటి, రెండో పక్కకు చేరాలి. మధ్యగీత దగ్గర ఉండే నెట్రిన్ వాటిని అటు నడుపుతుంది. ఆక్సాన్ కొసన వేళ్ళలాంటి సన్నని పోగులు చాచుకున్న ఒక భాగం ఉంటుంది. 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఈ కహాల్ దాన్ని వర్ణించాడు. దాన్ని ఏవో రసాయనాలు దారి నడుపుతుండాలని ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఊహించాడు కూడా. ఆ ఊహకు తగిన అణువు చేతికి చిక్కడానికి వందేళ్ళు పట్టింది!

నాకు ఇంకా నచ్చే సంగతి మరొకటి ఉంది. ఈ నేత అందరినీ ఒకేలా నడపదు. ఆక్సాన్ కొసన డీసీసీ అనే గ్రాహకం (సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) ఉంటే నెట్రిన్ వైపు తిరుగుతుంది, దానికి అన్‌క్5 అనే మరో గ్రాహకం తోడైతే అదే నెట్రిన్ నుంచి పక్కకు తొలగుతుంది. సంకేతం ఒకటే, అర్థం చెప్పుకునేది అందుకున్న కణం. అందుకని ‘ఆకర్షకి’ లాంటి పేరు పెట్టినా సగమే నిజమవుతుంది. ‘నేతృ’లో రెండూ ఇముడుతాయి, ఎందుకంటే ‘నీ’ ధాతువుకి ఉపసర్గను బట్టి దిక్కు మారుతుంది. ఉపనయనం దగ్గరకు తేవడం, అపనయనం దూరంగా తీసుకుపోవడం.

నెట్రిన్‌కి దూరంగా జరిగే ఆక్సాన్లలో కంటిని తిప్పే ఒక కండరానికి వెళ్ళే నాడివి ఉన్నాయని 1995లో అదే లాబ్ ప్రయోగంలో చూపించింది. నేత్రం కూడా ‘నీ’ నుంచే కదా, మనల్ని నడిపించేది కాబట్టి. పేరు పెట్టినవాళ్ళు దీన్ని ఉద్దేశించి ఉండరు, అయినా చదివినప్పుడు భలే సంతోషం వేసింది.

మరొక సభ్యురాలు: చాలా బాగా చెప్పారండీ. ఒక సందేహం. మధ్యగీత దగ్గరికి లాగే అణువులు అక్కడే ఉంటే ఆక్సాన్ దాన్ని దాటి వెళ్ళడం ఎలా?

జవాబు: అక్కడే స్లిట్ అనే ప్రొటీన్ కూడా ఉంటుందండీ, అది నెట్టేది. దాన్ని పసిగట్టే రోబో అనే గ్రాహకం గీత దాటేవరకూ అణిగి ఉంటుంది, దాటాక మేలుకుంటుంది. ఇక వెనక్కి రానివ్వదు. ఎలుకల్లో పుట్టాక కూడా మెదడులో కొత్త నాడీకణాలు తయారై వాసన పసిగట్టే భాగానికి వలస వెళ్తాయి. వాటినీ స్లిట్ వెనక నుంచి తరుముతుంది.

అనువాదకులకు ఒక మాట. ‘నెట్రిన్ దూరం నుంచి వాసనలా వ్యాపించి పిలుస్తుంది’ అని రాసి ఉంటే కాస్త ఆగండి. ఎలుక వెన్నుపాములో ఆక్సాన్లు అవి పాకే దారి పక్కనే ఉన్న నెట్రిన్‌ని తాకుతూ వెళ్తాయని 2017లో వచ్చిన పరిశోధనలు చెప్పాయి. ‘పిలుస్తుంది’ కన్నా ‘నడిపిస్తుంది’ అంటే రెండు విధాలా చెల్లుతుంది. పేరు మాత్రం నెట్రిన్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట నేతృ శబ్దం సంగతి ఒక్క వాక్యంలో చెప్పండి.