వేసవి క్యాంపులో చెరువు ఈత: పిల్లల్ని పంపొచ్చా?

ఉప్పల్‌అమ్మ:
మా వాడికి తొమ్మిదేళ్లు. మే నెలలో వికారాబాద్ వైపు ఐదు రోజుల క్యాంపు ఉంది. గుడారాల్లో పడుకోవడం, అనంతగిరి కొండల్లో నడక, అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో ‘చెరువులో ఈత’ అని రాశారు. వాడు కాలనీ పూల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లగలడు. మా ఆయన పంపుదామంటున్నారు, మా అత్తయ్యకి అప్పుడే టెన్షన్ మొదలైంది. మీరైతే ఏం చేస్తారు?

గోదారిగట్టు:
పంపండి మేడమ్. మేము నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని పంట కాలువలో నేర్చుకున్నాం. లైఫ్ జాకెట్ అన్న మాటే తెలీదు. మునిగిపోయామా?

నల్లబావి:
అన్నా, మునిగినవాళ్లు ఇక్కడికొచ్చి రాయరు కదా. సెలవుల్లో చెరువుకెళ్లిన పిల్లల వార్త రాని వేసవి ఉందా? మీ రోజుల్లో ఎక్కడ ఎంత లోతో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు మట్టి కోసం జేసీబీలతో తవ్వి వదిలేస్తున్నారు. మోకాలి లోతులో నడుస్తుంటే ఒక్కసారిగా నిలువెత్తు గుంత. పైనుంచి చూస్తే నీళ్లన్నీ ఒకేలా ఉంటాయి.

ఈతమాస్టారు:
నేను పూల్‌లో పిల్లలకి నేర్పుతాను. పూల్‌లో 25 మీటర్లు ఈదాడు కాబట్టి చెరువులోనూ ఈదేస్తాడు అనుకోకండి. పూల్‌లో అడుగు కనిపిస్తుంది, అలసిపోతే గోడ దొరుకుతుంది. చెరువులో కాలికి నాచు తగిలితే చాలు, పిల్లాడు బెదిరి నీళ్లు మింగేస్తాడు. పైగా మునిగేవాళ్లు సినిమాలో చూపించినట్టు చేతులూపి కేకలు వేయడం అరుదు. ఊపిరి పీల్చుకోవడానికే టైమ్ చాలదు, ఇక అరుపెక్కడిది? పక్కనున్నవాళ్లకే తెలియకుండా నిమిషంలోపు కిందికి వెళ్లిపోవచ్చు.

క్యాంపు వాళ్లని ‘సేఫేనా’ అని అడిగి లాభం లేదు, సేఫే అంటారు. గట్టు మీద నిలబడి నీళ్లని తప్ప ఇంకేమీ చూడని మనిషి ఎవరో అడగండి. ఫొటోలు తీసే వాలంటీర్ లెక్కలోకి రాడు. ఒక్కసారికి ఎంతమందిని దింపుతారు? ముందే లోతు చూసి హద్దుగా తాడు కట్టారా? సీపీఆర్ ఎవరికి వచ్చు?

డాలస్‌నాన్న:
ఇక్కడ అమెరికాలో చాలా క్యాంపుల్లో సరస్సులోనే ఈదిస్తారు. ముందు పరీక్ష పెట్టి, ఎవరు ఎంత లోతు దాకా వెళ్లొచ్చో తేలుస్తారు. స్కౌట్స్‌లో అయితే ప్రతి పిల్లాడికీ ఒక జత ఉంటుంది. విజిల్ వినగానే జతలు చేతులు పట్టుకుని పైకెత్తాలి, లెక్క సరిపోవాలి. తప్పు చెరువుది కాదండీ.

నల్లబావి:
అక్కడ తేడా వస్తే కోర్టుకి లాగుతారు. ఇక్కడ ‘మాకు బాధ్యత లేదు’ అన్న కాగితం మీద ముందే మన సంతకం తీసుకుంటారు. 2014లో హైదరాబాద్ నుంచి టూర్‌కెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు.

గోదారిగట్టు:
తమ్ముడూ, అది డ్యామ్ కింద నది. చెరువుకీ దానికీ పోలికేంటి? బడి వయసు పిల్లలకి ఈత నేర్పమని డబ్ల్యూహెచ్‌ఓనే చెబుతోంది.

ఈతమాస్టారు:
నేర్పమంది గోదారి గారూ, ఎక్కడ పడితే అక్కడ దింపమనలేదు. నీళ్లలో జాగ్రత్తలు, ప్రాణం మీదికి తెచ్చుకోకుండా ఇంకొకరిని కాపాడటం కూడా నేర్పమంది. స్నేహితుడు మునుగుతుంటే వెంట దూకకూడదు. కేకేసి పెద్దవాళ్లని పిలవాలి, కర్రో తువ్వాలో అందించాలి. ఒకడి కోసం ఇంకొకడు దిగి ఇద్దరూ పోయిన సంఘటనలు ఎన్ని లేవు! ఐదు రోజుల్లో ఈత రాదు, ఇదైతే వస్తుంది.

ఉప్పల్‌అమ్మ:
ఫోన్ చేశాను. లైఫ్‌గార్డ్ ఎవరండీ అంటే ‘మా స్టాఫ్ అందరికీ ఈత వచ్చు మేడమ్’ అన్నారు. తాడు సంగతి సార్‌ని అడిగి చెప్తారట. ఈత తప్ప మిగతా వాటికి పంపుతానని చెప్పేశాను. ఫీజు మాత్రం తగ్గించరట.

గోదారిగట్టు:
ఫీజు పోనీయండి. తోటి పిల్లలంతా నీళ్లలో గంతులేస్తుంటే మీ వాడొక్కడినీ గట్టు మీద ఎవరు కూర్చోబెడతారు? అది కూడా అడిగారా?