పాటల ఫైల్‌ల ‘క’ పోయి డబ్బా వచ్చింది, కోడ్ సూస్తే సమారిటన్ అక్షరమట

ఓరుగల్లు_పాటలు:
అందరికి నమస్తే, మాది హన్మకొండ. మా అమ్మమ్మ పాడే బతుకమ్మ పాటలు నోట్‌బుక్‌ల రాసి పెట్టుకున్న, రెండేండ్ల సంది కొన్ని కొన్ని టైప్ చేస్తున్న, ఉత్త టెక్స్ట్ ఫైల్, యూటీఎఫ్-8 (అక్షరాల కోడ్‌లను బైట్లుగ దాచే పద్ధతి). మొన్న పాత పెన్‌డ్రైవ్‌ల నుంచి కొత్త ల్యాప్‌టాప్‌లకు ఎక్కించిన. అన్నీ మంచిగనే ఉన్నయి గని ఒక పాటల ‘కట్ట మీద’ అని మొదలయ్యే లైన్‌ల ‘క’ లేదు, ఖాళీ డబ్బా, దాని పక్కన ‘ట్ట మీద’ అని ఉన్నది. ఆ లైన్ వాట్సాప్‌ల పేస్ట్ చేస్తే మొత్తం కుడి దిక్కుకు జరిగి డబ్బా ఆ చివరికి పోతున్నది. వర్డ్‌ల డబ్బా ఎన్క కర్సర్ పెట్టి ఆల్ట్ ఎక్స్ కొడితే దాని కోడ్ 0815 అని వచ్చింది, వెతికితే ‘సమారిటన్ తాఫ్’ అట. ఆ లిపి పేరే ఇప్పుడు విన్న, నేనెట్ల టైప్ చేస్త? అది తీసేసి మళ్ల ‘క’ కొడితే అయిపోతదా?

డీటీపీ_కరీంనగర్:
అక్కా, పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు (అన్ని లిపుల అక్షరాలకు ఒక్కో కోడ్ ఇచ్చే పద్ధతి) మార్చినవా? కన్వర్టర్లతోని ఇసోంటియి మస్తు అయితయి, మా షాపుల రోజు సూస్త.

ఓరుగల్లు_పాటలు:
లేదన్నా, నేరుగ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌తోనే కొట్టిన, ఏ కన్వర్టర్ వాడలే.

బిట్లు_బైట్లు:
అయితే ఇది ఫాంట్ సంగతి గాదు, పెన్‌డ్రైవ్ సంగతి. మన ‘క’ కోడ్ 0సీ15, యూటీఎఫ్-8ల మూడు బైట్లు: ఈ0, బీ0, 95. ఆ సమారిటన్ తాఫ్ 0815, దాని బైట్లు ఈ0, ఏ0, 95. నడిమి బైట్ ఒక్కటే తేడా, అందుల గూడ 0, 1 బిట్లల్ల రాస్తే బీ అంటే 1011, ఏ అంటే 1010, అంటే ఒకే ఒక్క బిట్ 1 ఉన్నకాడ 0 అయింది. పాత పెన్‌డ్రైవ్‌లల్ల అట్ల అయితది. లైన్ ఎందుకు జరిగిందంటే సమారిటన్ కుడి నుంచి ఎడమకు రాసే లిపి, లైన్‌ల మొదటి అక్షరం అదే గాబట్టి ఫోన్ ఆ లైన్ మొత్తాన్ని అట్ల రాసేదే అనుకున్నది.

‘క’ కొట్టి వదిలెయ్యకు అక్కా. ఇది వేరే లిపిలకు పోయింది గాబట్టి డబ్బా కనవడ్డది. అదే ఆఖరి బైట్‌ల ఒక బిట్ మారి 95 కాస్త 97 అయితే ‘క’ ‘గ’ అయితది, డబ్బా రాదు, లైన్ జరగదు, ఎవ్వలకు తెల్వదు. నోట్‌బుక్ పక్కన పెట్టుకొని మొత్తం సూడాలె.

లిపి_పిచ్చి:
తాఫ్ గురించి నాలుగు ముక్కలు చెప్త, ఎందుకంటే దాన్ని చెత్త అనుకొని తీసేస్తరు. అది సమారిటన్లకు 22వ అక్షరం, ఆఖరుది. ఆ మనుషులు ఇప్పుడు మొత్తం కలిపి వెయ్యి మంది గూడ లేరు, నాబ్లస్ పక్కన గెరిజీం గుట్ట మీద కొందరు, టెల్ అవీవ్ దగ్గర హోలోన్‌ల కొందరు. యూదులు పాత హీబ్రూ లిపి వదిలి అరామిక్ నుంచి వచ్చిన చదరపు అక్షరాలకు మారిన్రు గని వీళ్లు ఆ పాతదాని నుంచే వచ్చిన లిపిల తోరా (వాళ్ల పవిత్ర గ్రంథం) ఇప్పటికీ రాసుకుంటరు. యూనికోడ్‌ల మన తెలుగు 1991ల మొదటి వెర్షన్‌లనే ఉన్నది, వీళ్లది 2009ల 5.2 వచ్చేదాక లేదు. 0800 నుంచి వాళ్ల బ్లాక్, 61 గుర్తులు, అక్షరాలు, అచ్చుల గుర్తులు, విరామ చిహ్నాలు అన్నీ కలిపి. అంత చిన్న గుంపుకు గూడ కోడ్ దొరికింది, నాకు ఇదే పెద్ద ముచ్చట. నోటో సాన్స్ సమారిటన్ ఫాంట్ ఏసుకో, డబ్బా పోయి ఆ అక్షరం కనవడ్తది, ఒక్కసారి సూసి అప్పుడు ‘క’ కొట్టుకో.

ఓరుగల్లు_పాటలు:
అన్నలు, ఫాంట్ ఏసి సూసిన, నిజంగ అక్షరం కనవడ్డది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్న. తర్వాత రాత్రి కూసొని నోట్‌బుక్‌తోని మొత్తం సరిచూసిన. ఇంకో పాటల ‘గంప’ అని ఉన్నది, పూల పాట గాబట్టి గంప సరిగ్గనే అనిపిస్తది, ఎన్నిసార్లు చదివినా అనుమానం రాలే. నోట్‌బుక్‌ల ‘కంప’. పోయినేడు అక్కకు వాట్సాప్‌ల పంపిన ఫైల్‌ల గూడ ‘కంప’నే ఉన్నది, అంటే నేను తప్పు కొట్టలే. పొద్దుగాల అమ్మమ్మకు ఫోన్ చేసి అడిగితే, కంప దాటి పోయి తంగేడు పువ్వు తెచ్చేది బిడ్డా, గంపెక్కడిది, ఒడిల పోసుకునేది అన్నది.